క్యాన్సరు చికిత్సయందు చర్మ సంరక్షణము



క్యాన్సరు వ్యాధిని గూర్చియు, దానికి చేయు చికిత్సలను గూర్చియు చెప్పవలసినవారు వైద్యులు. నేను వైద్యుడను కాను. 35 ఏండ్లు బడిలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కాని చికిత్స పొందు మనుష్యుడు దినమునకు ఒక గంట ఆసుపత్రిలో నున్నచో 23 గంటలు ఇంటిలో నుండును. చర్మమునకు నీరు తగులవచ్చునా, నూనె పూయవచ్చునా, ఏ బట్ట కట్టవలెను అను ప్రశ్నలు పుట్టునది ఆ 23 గంటలలోనే. వానికి సమాధానములు చెప్పువారు పెద్దమ్మలును, పిన్నమ్మలును, ఇరుగుపొరుగువారును. కొన్ని సంవత్సరముల క్రిందట నా భార్యకు రొమ్ము క్యాన్సరునకు చికిత్స జరిగినపుడు మా ఇంటికి వచ్చిన సలహాల నన్నింటిని ఒక పుస్తకములో వ్రాసికొంటిని. వానిని వైద్యుల యొద్దకును, నర్సుల యొద్దకును గొనిపోయి ఒక్కొక్కటిగా అడిగితిని. పిదప దొరకిన గ్రంథములను చదివితిని. నేడు నేను చెప్పబోవునది ఆ విధముగా కూడిన సామగ్రి.

మొదట ఒక మాటను గూర్చి విచారింతము. రేడియేషను చికిత్సను మన గ్రామములలో పలువురు ‘కరెంటు పెట్టుట’ యని వ్యవహరించుచున్నారు. మాటలను పుట్టించు హక్కు లోకమునకు కలదు. దానికి నేను అడ్డు చెప్పను. కాని యీ మాటవలన ఒక చిక్కు వచ్చినదని నా తలంపు. కరెంటు అనగానే మనకు తీగయు, మంటయు, తడిచేతితో ముట్టరాదను భయమును జ్ఞప్తికి వచ్చును. కావున కరెంటు పెట్టిన చోట నీరు తగులరాదను నమ్మకము బలపడినది. చికిత్స జరుగు మూడు మొదలు ఏడు వారముల కాలమును ఆ భాగమును కడుగకయే గడపినవారిని నేనెఱుగుదును. అటులనే, కరెంటు తగిలి కాలినది గనుక కాలిన బొబ్బలకు చేయు వైద్యమే చేయవలెనని కొందఱు సిరాయు, కొందఱు పండ్లు తోముకొను పేస్టును, కొందఱు కోడిగ్రుడ్డు సొనయు పూయుదురు.

నిజమునకు ఆ యంత్రమునుండి రోగికి విద్యుత్తు తగులదు. విద్యుచ్ఛక్తిచేత బలమైన ఎక్సు కిరణములను పుట్టించి, వానిని వ్యాధి యున్న చోటికి గుఱిచూచి పంపుదురు. రోగి బల్లపై కదలక పరుండియుండును. కొన్ని నిమిషములలో పని ముగియును. వేడి లేదు, నొప్పి లేదు, స్పర్శయే లేదు. నిప్పు తగిలినచో తగిలిన క్షణముననే తెలియును. దీని దెబ్బ అట్లు తెలియదు. అది ఆలస్యముగా బయటపడును.

ఈ యాలస్యమును మొదట గమనించినవారు శాస్త్రజ్ఞులే. అదియు తమ శరీరములపైననే. 1895లో రాంట్‌జెన్ ఎక్సు కిరణములను కనిపెట్టెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనిపెట్టిరి. 1901లో బెకరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేడియము గల చిన్న గాజుగొట్టమును చొక్కాజేబులో నుంచుకొని తిరిగెను. అప్పుడాయన కేమియు తెలియలేదు. కొన్ని దినములు గడచిన పిమ్మట జేబునకు ఎదురుగా నున్న చర్మము ఎఱ్ఱవాఱి పుండుపడినది. పియేర్ క్యూరీయు బుద్ధిపూర్వకముగా తన చేతిపై రేడియము నుంచి చూచుకొనెను. ఆయనకును అట్లే జరిగినది. ఇరువురును కలసి ఆ సంగతిని లోకమునకు వెల్లడించిరి.

ఆలస్యమునకు కారణమేమి? చర్మము పైకి ఒక్కటిగా కనబడినను పొరలు పొరలుగా నుండును. సుశ్రుతుడు ఏడు పొరలను లెక్కించి మొదటిదానికి ‘అవభాసిని’ యని పేరు పెట్టెను. రంగును ప్రకాశింపజేయునది యని దాని యర్థము. నేటి వైద్యులు ముఖ్యముగా పైచర్మము, లోచర్మము అని రెండుగా చెప్పుదురు. పైచర్మముయొక్క అట్టడుగున నుండు కణములు ఎల్లప్పుడును విభజన పొందుచు క్రొత్తవానిని కనుచుండును. అట్లు పుట్టినవి క్రమముగా పైకి జరిగి, చదునై, తుదకు పొట్టువలె రాలిపోవును. అడుగున పుట్టినది పైకి వచ్చి రాలుటకు రమారమి నాలుగు వారములు పట్టును.

వరి పండించువారికి దీనిని బోధపఱచుట సులభము. అడుగుపొర నారుమడి; పైపొర పొలము. నారుమడికి చీడ తగిలిన దినమున పొలమున కేమియు కాదు. నాట్ల వేళకు నారు చాలక పోవును; అప్పుడు పొలములో ఖాళీలు కనబడును. రేడియేషను కిరణములు విభజన పొందుచున్న కణములనే ఎక్కువగా దెబ్బతీయును. క్యాన్సరు కణములు అట్టివి గనుకనే ఆ చికిత్స ఫలించుచున్నది. చర్మపు నారుమడియు అట్టిదే గనుక దానికిని దెబ్బ తప్పదు. పూర్వపు యంత్రముల కిరణములకు బలము తక్కువ యగుటచే వాని తాకిడి యంతయు చర్మముమీదనే ఎక్కువగా పడెడిది. 1951 మొదలు కోబాల్టు యంత్రములును, పిదప లీనియర్ యాక్సిలరేటరులును వాడుకలోనికి వచ్చినవి. వీని కిరణము చర్మమును దాటి కొంత లోతునకు పోయిన పిదపగాని పూర్ణబలమును చూపదు. అందువలన మన తాతల కాలపు రోగులు పడిన బాధ నేటివారికి లేదు. అయినను చంక, రొమ్ము క్రింది మడత, మెడ, గజ్జ మొదలగు చోట్ల బాధ ఇప్పటికిని కలుగుచున్నది.

కాలక్రమ మెట్లుండును? మొదటి వారమున సామాన్యముగా ఏమియు కనబడదు. రెండవ మూడవ వారములలో చర్మము ఎండినట్లగును, వెచ్చబడును, దురద పుట్టును, రంగు మాఱును. ఆపైన పొట్టు రాలును. మడతలయందు పైపొర ఊడి తడి తేలి నీరు కాఱుటయు కలదు. సిట్టింగులన్నియు ముగిసి ఇంటికి చేరిన తరువాత ఒకటి రెండు వారములవఱకు ఈ బాధ తగ్గుటకు బదులు పెరుగుచుండును. నారుమడి ఉపమానమును మనస్సునం దుంచుకొన్నవారికి ఇందు ఆశ్చర్యము లేదు. పిమ్మట తగ్గుముఖము పట్టి, ఎక్కువమందికి నాలుగు వారములలో మానును. కాని ఈ సంగతి ముందుగా తెలియని కుటుంబము ఏమనుకొనును? చికిత్స ముగిసినది, పుండు పెరుగుచున్నది. కావున ఏదో పొరపాటు జరిగినది, లేదా వ్యాధి తిరిగి వచ్చినది యనుకొనును. ఆసుపత్రి దూరము. దగ్గఱ నున్నది పసరువైద్యుడో, మందుల దుకాణమో.

మఱియొక విశేషము. విదేశీయుల పుస్తకములలో ‘చర్మము ఎఱ్ఱబడును’ అని వ్రాయబడియుండును. అది తెల్లని చర్మము గలవారిని చూచి వ్రాసిన మాట. చామనచాయ వారికిని, నల్లనివారికిని ఆ ఎఱుపు సరిగా కనబడదు. నలుపు ముదురును, మెఱుగు తగ్గును, తాకినచో వెచ్చగా నుండును. ఎఱుపు లేదు గనుక బాధ లేదని ఎదుటివాడు అనుకొనరాదు. రోగిని అడిగి తెలిసికొనవలెను. మా ఇంటి ఆమెకు రొమ్ము క్రిందను చంకలోను చర్మము నేరేడుపండు వన్నెకు తిరిగినది గాని ఎఱుపన్నది నేను చూడలేదు.

రేడియేషను గది యెదుట బల్లమీద దినదినమును కూర్చుండువారు ఒకరి కొకరు బంధువులవంటి వారగుదురు. వారిలో గొంతు క్యాన్సరునకు చికిత్స పొందు రైతు ఒకడు మా ఆవిడను ‘అక్కా’ యని పిలిచెడివాడు. అట్టి వ్యాధికి తఱచుగా 35 సిట్టింగులు, ఏడు వారములు పెట్టుదురు. ఐదవ వారమున అతని మెడ చర్మము రేగినది. ఊరిలోని పెద్దలు ‘ఇంక కరెంటు పెట్టించిన ప్రాణము పోవు’నని చెప్పిరి. అతడు మానివేసెను. పది దినముల పిదప కొడుకు బలవంతముమీద మరల వచ్చెను. వైద్యుడు కోపపడలేదు, తలపట్టుకొని కూర్చుండెను. చర్మపు నారుమడి తేరుకొనుటకు దొరకిన వ్యవధి క్యాన్సరు కణములకును దొరకును గదా! మెడ, గొంతు భాగముల క్యాన్సరులందు నడుమ దినములు తప్పిపోయినకొలది వ్యాధి అదుపు తప్పునని బాగుగా తేలియున్నది. కావున చర్మము రేగినచో చేయవలసినది ఆ దినముననే వైద్యునకు చూపుట. ఒకటి రెండు దినములు ఆపవలసివచ్చినను ఆ నిర్ణయము వైద్యునిదే కావలెను. చర్మ సంరక్షణమన్నది అందమునకో, సుఖమునకో సంబంధించిన మాట కాదని నాకు తెలిసినది ఆ రైతును చూచిన నాడే.

ఇక స్నానము. కడుగవచ్చును; కడుగవలయును. కడుగక యుంచిన చెమట, జిడ్డు, మురికి చేరి దురదయు, సూక్ష్మజీవుల బాధయు పెరుగును. కడిగినవారికిని కడుగనివారికిని గల భేదమును పరీక్షించి చూడగా, కడిగినవారికి కీడు లేదనియు కొంత మేలే యనియు తేలినది. గోరువెచ్చని నీరు, ఘాటు వాసన లేని మెత్తని సబ్బు, అరచేయి—ఇంతమాత్రమే చాలును. సున్నిపిండి, కుంకుడురసము, సీకాయపొడి, పీచు, రాయి—ఇవి ఆ భాగమునకు తగవు. అభ్యంగనమునందు మనకు గల భక్తి గొప్పదే. కాని నలుగు పెట్టుట యనగా పైపొరను ఒరసి తీయుట. నారు లేని దినములలో ఉన్న పంటను పెఱికివేయుటతో అది సమానము. స్నానానంతరము మెత్తని బట్టతో అద్దవలెను, తుడువరాదు. గుఱి తప్పకుండుటకై ఆసుపత్రివారు చర్మముపై సిరాతో గీతలు గీసియుందురు. అవి చెఱగకుండ చూచుకొనవలెను. చెఱగినచో ఇంటిలో ఎవరును మరల దిద్దరాదు.

స్నానమైన పిదప వాసన లేని లేపనమును పలుచగా రాయవలెను. ఎండిన చర్మము పగులును, పగిలినది రేగును. సిట్టింగునకు ముందు దట్టముగా పూసికొనిపోరాదు. దట్టమైన పూత తానే ఒక పొరయై కిరణపు బలమును చర్మముమీదికి తెచ్చును. పలుచగా రాసినచో ఆ భయము లేదని తరువాతి పరిశోధనలు చెప్పుచున్నవి. అయినను ఒక్కొక్క ఆసుపత్రి పద్ధతి ఒక్కొక్కటి గనుక అచ్చటివారి మాట వినుట మంచిది. మొదటి దినమునుండియే ఒక స్టిరాయిడు లేపనమును పూసినచో బాధ తగ్గునని పెక్కు పరీక్షలలో తేలగా, 2023లో అంతర్జాతీయ నిపుణులు తమ మార్గసూచికలలో దానిని చేర్చిరి. ఇది వైద్యుడు వ్రాసి యిచ్చినపుడే. మందుల దుకాణములో తామరకని అమ్ము, నాలుగు మందులు కలిపిన గొట్టము ఇది కాదు.

పసుపును గూర్చి తప్పక అడుగుదురు. నేనును అడిగితిని. పసుపు, చందనము చేర్చి తయారుచేసిన ఒక లేపనమును మంగళూరులో తల, మెడ భాగములకు రేడియేషను పొందువారిపై పరీక్షించి, చర్మబాధ కొంత తగ్గినదని 2014లో ప్రకటించిరి. పరీక్ష చిన్నది, లేపనము శుద్ధిచేసి కొలత ప్రకారము చేసినది. వంటింటి డబ్బాలోని పసుపు అది కాదు. నూరిన పసుపు ముద్ద ఆఱి పెచ్చుకట్టి, ఊడునపుడు చర్మమును కూడ ఊడదీయును. అదియు గాక దాని రంగు చర్మపు నిజస్థితిని వైద్యుని కంటికి కనబడనీయదు. కలబంద విషయమున పరీక్షలు పెక్కు జరిగినను చెప్పుకొనదగిన మేలు కనబడలేదు. పసరు మందులు, సున్నము, నిమ్మరసము, తలనొప్పి బాములు—వీనిని గూర్చి చెప్పవలసినదేమున్నది? వలదు.

బట్టలు. క్రొత్తవానికంటె ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుబట్ట శ్రేష్ఠము. గంజి పెట్టరాదు. బిగుతు రవికయు, దాని క్రింద తీగ గల లోదుస్తులును మానవలెను. పొత్తికడుపునకు చికిత్స జరుగునపుడు పావడ బొందును, మొలత్రాటిని వదులు చేయవలెను. మెడకు చికిత్స పొందు పురుషుడు కాలరు లేని చొక్కా తొడుగవలెను, కండువా వేయరాదు, కత్తితో గడ్డము గీయరాదు. తప్పనిసరియైన విద్యుత్తుతో నడచు యంత్రముతో తీయవచ్చును. యజ్ఞోపవీతము ఎడమ భుజముపై నుండును. ఆ వైపున చికిత్స జరుగునపుడు దానిని ఒరయకుండ సర్దుకొనవలెను. మంగళసూత్రపు గొలుసు మెడమీద ఒరసికొనుచున్నచో కొన్ని వారములు తీసి దాచుటకు స్త్రీలు వెనుకాడుదురు. పసుపుత్రాటిని వదులుగా బట్టపైకి వేసికొని మా ఆవిడ ఆ చిక్కును తీర్చుకొన్నది. శాస్త్రమున దీనికి నిషేధము లేదని ఆమెకు చెప్పవలసివచ్చినది; ఆ ఒక్క విషయమున నా పాండిత్యము పనికివచ్చినది.

వేడినీటి సంచియు వలదు, మంచుగడ్డయు వలదు. చికిత్స పొందిన చర్మమునకు స్పర్శజ్ఞానము మందగించి యుండవచ్చును; కాలినదాక తెలియదు. అంటించు ప్లాస్టరు పట్టీలను ఆ భాగముపై వేయరాదు. తీయునపుడు చర్మముతో సహా వచ్చును.

ఇప్పుడు తడి తేలిన చర్మమును గూర్చి. మా ఆవిడకు 15 సిట్టింగులు మాత్రమే పెట్టిరి. పూర్వము రొమ్మునకు 25 సిట్టింగులలో 50 గ్రేల మోతాదు ఇచ్చెడివారు. తక్కువ దినములలో 40 గ్రేలు ఇచ్చినను గుణము తగ్గదని, చర్మమునకు బాధ తక్కువయని బ్రిటనులో జరిగిన పెద్ద పరీక్షల ఫలితములు 2008లో వెలువడిన పిదప ఈ పద్ధతి వ్యాపించినది. ఆ మూడు వారములు సుఖముగానే గడచినవి. ఇంటికి వచ్చిన పదవ దినమున రొమ్ము క్రింది మడతలో రూపాయి బిళ్ళంత మేర పైపొర ఊడి తడి తేలినది. రవికకు అంటుకొని, తీసినపుడు ఆమె కండ్లవెంట నీరు వచ్చినది. పొరుగింటి పెద్దామె వేపనూనె గిన్నెతో వచ్చి కూర్చుండెను. ఆసుపత్రివారు వెళ్ళునపుడు ఇచ్చిన సూచనల కాగితము ఇంగ్లీషులో నుండినది. చదువుకొన్న నాకే దానిని అన్వయించుట కష్టమైనది. మా ఆవిడ వంటివారి కిచ్చు కాగితము తెలుగులో నుండవలదా యని ఇప్పటికిని నాకు కినుక కలదు. నర్సుతో ఫోనులో మాటలాడితిని. ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్లుగా చెప్పెదను: “మాస్టారూ, ఎక్కువైందంటే పాడైందని కాదండీ. పైది ఊడిపోయింది, కింద కొత్తది ఇంకా రాలేదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో మెల్లగా కడిగి, మేమిచ్చిన అంటుకోని డ్రెస్సింగు వెయ్యండి. దూది మాత్రం పెట్టకండి. జ్వరం వచ్చినా, వాసన వచ్చినా వెంటనే తీసుకురండి.” నారుమడి ఉపమానము నేను కల్పించినదే గాని, దానికి మూలము ఆమె మాటయే. పండ్రెండు దినములకు ఆ చోట గులాబి వన్నె క్రొత్త చర్మము కనబడినది.

దూది ఎందుకు కూడదనగా, దాని పీచులు తడిలో అంటి మానుటకు అడ్డము వచ్చును. పొడి చల్లుటయు అందులకే తగదు, తడిలో గడ్డకట్టును. అటువంటి చోట తేమ నిలుచు కట్టు వేసినచో త్వరగా మానును. బొత్తిగా ఎండబెట్టవలెనను మన యభిప్రాయము సరికాదు. 100.4 డిగ్రీల జ్వరము, చీము, దుర్వాసన, చుట్టును వ్యాపించు ఎఱుపు లేక వాపు, రక్తము కాఱుట—వీనిలో ఏది కనబడినను తెల్లవాఱువఱకు ఆగరాదు. కీమోథెరపీ కూడ జరుగుచున్నవారికి రక్తములోని తెల్లకణములు తగ్గియుండును. వారికి చిన్న పుండు ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

మానిన తరువాత చర్మము మునుపటిదే యగునా? చాలవఱకు. నలుపు కొన్ని నెలలలో తగ్గును. కాని అచ్చటి చెమట గ్రంథులును, నూనె గ్రంథులును దెబ్బతినియుండుటచే ఆ భాగము ఎండియే యుండును, లేపనమును మానరాదు. కొందఱికి నెలలు, ఏండ్లు గడచిన పిదప చర్మము గట్టిపడుటయు, సన్నని ఎఱ్ఱని నరములు సాలెగూడువలె పైకి కనబడుటయు కలదు. ఎండ ఆ చర్మమునకు శత్రువు. మెడకు చికిత్స పొందిన రైతు పొలమునకు పోవునపుడు తలగుడ్డ కొంగును మెడమీదికి దించుకొనవలెను. ఇది ఒక వేసవికి కాదు, ఎల్లకాలమునకు. మఱియొక వింత: మానిపోయిన కొన్ని నెలలకు క్రొత్త మందు ఏదైన నరములో ఎక్కించినపుడు, పూర్వము రేడియేషను పడిన చోటనే, ఆ కొలతకు సరిగా, చర్మము మరల రేగును. పాతదానిని చర్మము జ్ఞప్తికి తెచ్చుకొన్నట్లుండును. 1959లోనే దీనిని వర్ణించియున్నారు. ఇట్లు జరిగినచో వ్యాధి తిరగబెట్టినదని బెదరక వైద్యునకు చూపవలెను.

చంకలోని గ్రంథులను తీసినవారు ఆ వైపు చేతి చర్మమును కాపాడుకొనవలెను. కూరగాయలు తఱుగునపుడు కోసికొనిన గాటు, పూలముల్లు, గోరుచుట్టు—ఇట్టి చిన్న ద్వారములగుండ సూక్ష్మజీవులు చొచ్చి చేయి ఉబ్బి జ్వరము రావచ్చును. గాయమును వెంటనే సబ్బుతో కడిగి మందు పూయవలెను. చేయి ఎఱ్ఱబడి వేడెక్కినచో అది ఆలస్యము చేయదగిన విషయము కాదు.

రేడియేషను లేకయే, మందులవలననే చర్మము మాఱుట మఱియొక అధ్యాయము. సమయము తక్కువ గనుక రెండు సంగతులు చెప్పెదను. మొదటిది: కణముల పెరుగుదలకు తోడ్పడు ఒక ద్వారమును మూసివేయు క్రొత్త మందులు కొన్ని కలవు, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, సెటుక్సిమాబ్ అను పేళ్ళు విని యుందురు. వీనిని పుచ్చుకొన్న రెండు వారములలో ముఖముమీదను, ఱొమ్ముమీదను మొటిమలవంటి పొక్కులు లేచును. అవి మొటిమలు కావు; యౌవనములో మొటిమలకు వాడు మందులు రాసినచో చర్మము మఱింత ఎండి మండును. వైద్యుడు వేఱు మాత్రలు, లేపనములు ఇచ్చును. నలుగురిలోనికి పోవుటకు సిగ్గుపడి క్యాన్సరు మందును తమంతట తామే మానువారున్నారు. పొక్కులు మందు పనిచేయుచున్నదనుటకు తఱచుగా సూచనయని తెలిసినచో ఆ సిగ్గు కొంత తగ్గవచ్చును.

రెండవది అరచేతులు, అరికాళ్ళ బాధ. కెపిసిటబిన్ అను మాత్రలు మ్రింగువారికి ఇది తఱచు. మొదట తిమ్మిరి, మంట. పిదప ఎఱుపు లేక నలుపు, వాపు, పొట్టు రాలుట, నెఱ్ఱెలు. వేడినీట అంట్లు తోముట, బట్టలు పిండుట, పార పట్టుట, బిగువు చెప్పులతో దూరము నడచుట బాధను పెంచును. మెత్తని చెప్పు, చల్లని నీరు, యూరియా చేర్చిన లేపనము మేలు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 264 మందిపై ఒక పరీక్ష చేసిరి. కీళ్ళనొప్పులకు మనము రాసికొను డైక్లోఫెనాక్ జెల్లును చేతులకు క్రమముగా రాసినవారిలో చెప్పుకొనదగిన బాధ నూటికి 3.8 మందికి మాత్రమే వచ్చినది; రాయనివారిలో 15 మందికి వచ్చినది. 2024లో ఆ ఫలితము ప్రకటింపబడినది. చౌకయైన వస్తువుతో మన దేశమున కనుగొనిన ఉపాయము గనుక ఉత్సాహముతో చెప్పుచున్నాను; కాని దీనిని మొదలుపెట్టుటకు ముందు మీ వైద్యుని అనుమతి కావలెను.

ఈ మాత్రలు వాడువారి వ్రేళ్ళ కొనలు నున్నబడి, వేలిముద్ర గీతలు చెఱగిపోవుట కలదు. రేషను దుకాణములో యంత్రముపై వ్రేలు పెట్టగా గుఱుతు కలియక, బియ్యము లేకయే తిరిగి వచ్చి, తన పేరు కొట్టివేసిరని ఏడ్చిన ఇల్లాలిని నేను చూచితిని. ఆమె పేరు ఎవరును కొట్టివేయలేదు. వేలిముద్రకు బదులు కంటిపాపను బట్టి గుఱుతు పట్టు సాధనము కలదు, దానిని అడుగవలెను. చికిత్స మందు పేరుతో వైద్యుని చేత ఒక చీటి వ్రాయించి దగ్గఱ నుంచుకొనుట మేలు. కేంద్ర ప్రభుత్వ పింఛను పొందు వృద్ధులు ఏటేట బ్రతికియున్నామని ఋజువు చూపుటకు ముఖమును బట్టి గుర్తించు పద్ధతియు 2021 నుండి అమలులో నున్నది. మందు ఆపిన కొన్ని వారములకు వ్రేళ్ళమీది గీతలు తఱచుగా మరల ఏర్పడును.